కథ బాగుంది, ఆట తడబడుతోంది: ఇలాంటి ఆర్‌పీజీని కొనమని చెప్పవచ్చునా?

చీకటిదీపం

మా పెదనాన్నగారి అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాడు. ఇప్పటిదాకా క్రికెట్ ఆటలు, కాల్పుల ఆటలు తప్ప మరొకటి ముట్టని వాడు మొన్న ఫోన్ చేసి, “అక్కా, మంచి కథ ఉన్న ఆర్‌పీజీ ఒకటి చెప్పు” అని అడిగాడు. (ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, ఒక పాత్రను ధరించి దాని నిర్ణయాలు మనమే తీసుకునే ఆట.) నాకు ముందుగా తట్టిన పేరు ‘వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్’. అయినా ఆ పేరు చెప్పడానికి వెనకాడి, రెండు రోజులు గడువు అడిగాను. ఆ వెనకాటుకు కారణమేమిటో తేల్చుకుందామనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియని వారి కోసం కొంత నేపథ్యం చెబుతాను. ట్రొయికా గేమ్స్ అనే చిన్న సంస్థ ఈ రక్తపిశాచాల ఆటను వాల్వ్ సంస్థ వారి సోర్స్ ఇంజన్ (ఆటకు పునాదిగా ఉండే సాఫ్ట్‌వేర్) మీద, ఆ ఇంజన్ ఇంకా తయారవుతుండగానే, నిర్మించింది. 2004 నవంబరు 16న, అదే ఇంజన్‌తో వచ్చిన ‘హాఫ్-లైఫ్ 2’ విడుదలైన రోజునే, ఇదీ విడుదలైంది. లోపాలు కుప్పలుగా ఉన్నాయి, అమ్మకాలు అంతంతమాత్రం, 2005 ఆరంభంలో సంస్థే మూతపడింది. ఆ తర్వాత అభిమానులు లోపాలను దిద్దే అనధికారిక ప్యాచ్‌తో ఆటను బాగుచేసుకుంటూ వచ్చారు, రెండు దశాబ్దాలు గడిచినా ఆ పని సాగుతూనే ఉంది.

ఇంత జరిగినా ఈ ఆటను జనం మరిచిపోలేదంటే కారణం అందులోని మనుషులు (మనుషులు అనవచ్చునో లేదో!). మాల్కేవియన్ అనే రక్తపిశాచ వంశాన్ని ఎంచుకుంటే మీ పాత్ర పలికే ప్రతి మాటా ఉన్మాదపు భాషలోకి మారిపోతుంది, ఒకచోట ట్రాఫిక్ బోర్డుతో వాదనకు దిగుతుంది కూడా. సాంటా మోనికాలోని ఓషన్ హౌస్ హోటల్లో కొట్టడానికి శత్రువు ఒక్కడూ ఉండడు, అయినా అక్కడ కలిగినంత భయం నాకు మరే ఆటలోనూ కలగలేదు. అయితే అదే ఆట చివరి మూడో వంతుకు వచ్చేసరికి, మాటకారితనం మీద పాయింట్లన్నీ ఖర్చుపెట్టిన వాణ్ణి తెచ్చి వరుస పోరాటాల్లో పడేస్తుంది.

కథ ఇంత బలంగా ఉన్నప్పుడు సాంకేతిక లోపాలను ఎంతవరకు క్షమించవచ్చు? మీరు ఎక్కడ గీత గీస్తారు?

పద్యప్రియుడు

నేను గీత గీయను. చిన్నప్పుడు మా ఊళ్ళో పౌరాణిక నాటకాలు తెల్లవార్లూ జరిగేవి. తెర సగంలో ఇరుక్కుపోయేది, మైకు కీచుమనేది, కృష్ణుడి కిరీటం జారి రాయబారం మధ్యలో కింద పడేది. అయినా పద్యం ఎత్తుకున్నాడంటే జనం ఊగిపోయి ‘వన్స్ మోర్’ అనేవారు. తెర లాగేవాడి తప్పు పద్యానికి అంటదు.

‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ 1999లో వచ్చింది. అందులో పోరాటం పేలవంగా ఉంటుందన్న మాట దాని అభిమానులే ఒప్పుకుంటారు. కానీ చావు లేని ఆ అనామకుడు ప్రతిసారీ జ్ఞాపకం కోల్పోయి లేస్తూ, తన పూర్వ రూపాలు చేసిన పాపాలను ఒక్కొక్కటిగా తెలుసుకునే తీరు చూశాక, కత్తియుద్ధం ఎలా ఉందని ఎవరైనా అడుగుతారా? నా పాత్రకు బలం తగ్గించి, తెలివి, వివేకం పెంచుకుని, వీలైనన్ని చోట్ల మాటలతోనే గట్టెక్కాను. ఒక మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదన్న ఆ ఆట ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు.

బగ్‌వేటగాడు

పద్యప్రియుడు గారి నాటకం పోలిక ముచ్చటగా ఉంది కానీ, అది ఒకచోట కుంటుతుంది. కిరీటం పడితే నటుడికి తెలుస్తుంది. వంగి తీసుకుంటాడు, లేదా ఒక చేత్తో పట్టుకుని పద్యం కొనసాగిస్తాడు. ‘ఫాలౌట్: న్యూ వేగస్’ 2010 అక్టోబరులో విడుదలైనప్పుడు, ఆట మొదట్లోనే కనిపించే డాక్టర్ మిచెల్ తల మెడ మీద గుండ్రంగా తిరుగుతున్న వీడియో ఎందరో చూశారు. ఆయన మాత్రం తొణక్కుండా మీ ఆరోగ్యం గురించి అడుగుతూనే ఉంటాడు. యంత్రానికి తన తప్పు తనకు తెలియదు, అందువల్ల దాన్ని కప్పిపుచ్చుకోవడమూ చేతకాదు.

నేను కొన్నేళ్ళు ఆటల పరీక్షా విభాగంలో పనిచేశాను. కనుక ఆర్‌పీజీలకే ఈ జబ్బు ఎందుకు ఎక్కువో చెబుతాను. మీరు ఒక పాత్రను బతకనిచ్చారా, చంపారా అన్నది ఆట ఎక్కడో ఒక గుర్తుగా రాసుకుంటుంది. దాన్ని మేము ఫ్లాగ్ అంటాము. రెండేసి దారులున్న నిర్ణయాలు ఇరవై ఉంటే, వాటి కలయికలు 10,48,576 అవుతాయి. ఏ పరీక్షకుల బృందమూ అన్నింటినీ ఆడి చూడలేదు. పైగా సంభాషణలకు గొంతు రికార్డు చేయడం ముందే అయిపోతుంది. ఆ తర్వాత క్వెస్టు (కథలో అప్పగించే పని) మారితే మాటలు పాతవే మిగులుతాయి. అందుకే మొన్న మీ చేతిలో చచ్చినవాడు ఇవాళ ఉత్తరం రాస్తాడు.

నా ఉద్దేశంలో ‘కథ ఒకవైపు, సాంకేతికత మరొకవైపు’ అని రెండు పళ్ళాలు పెట్టడమే పొరపాటు. నవలలో కథ కాగితం మీద ఉంటుంది, అచ్చు సరిగా పడకపోయినా కథ మారదు. ఆర్‌పీజీలో మాత్రం కథలో సగం ఆ ఫ్లాగుల్లోనే ఉంటుంది. నేను చేసిన మేలును ఆట మరిచిపోయి నన్ను ద్రోహి అంటే, దాన్ని ప్రోగ్రామరు ‘బగ్’ అంటాడు, ఆడేవాడికి మాత్రం అది అబద్ధమాడిన కథ. డాక్టర్ మిచెల్ తల తిరగడం నవ్వుకుని వదిలేయవచ్చు. ముగింపులో నేను కాపాడిన ఊరు నాశనమైందని చూపిస్తే మాత్రం వదలలేను. నేను గీసే గీత అక్కడ.

మంజీర

నాకు వేరే అభ్యంతరం ఉంది. చీకటిదీపం గారూ, మీరు ఆడింది 2004లో డబ్బు పెట్టి కొన్నవారు ఆడిన ‘బ్లడ్‌లైన్స్’ కాదు. అభిమానులు ఏళ్ళ తరబడి కూలి లేకుండా మరమ్మతు చేసిన ఆటను మీరు ఆడి, ఆ ఘనతను మూల నిర్మాతల ఖాతాలో వేస్తున్నారు. విడుదల రోజున కొన్నవాడు డబ్బిచ్చింది మీరు పొందిన అనుభవానికి కాదు.

మరొక సంగతి. ‘లోపాలున్నా గొప్పవి’ అని మనం వల్లించే పేర్లు ఎప్పుడూ అవే పది. కథ బాగుండి కూడా, చివరిదాకా ఆడలేక జనం వదిలేసిన ఆటల పేర్లు మనకు గుర్తుండవు, ఎందుకంటే వాటి కథను పూర్తిగా చూసినవారే తక్కువ. గట్టెక్కినవారి మాటలు విని ఏరు లోతు అంచనా వేయరాదు.

నాకు ఇలాంటి అనుభవం ఒకటి ఉంది, ఆట పేరు మాత్రం చెప్పను. నలభై గంటలు ఆడాక, ప్రధాన కథలో తెరుచుకోవలసిన తలుపు తెరుచుకోలేదు. పాత సేవ్ ఫైళ్ళు ఒక్కొక్కటీ వెనక్కి వెళ్ళి చూశాను, తప్పు జరిగింది ఇరవై గంటల కిందట. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేక, ముగింపును యూట్యూబులో వేరెవరో ఆడుతుండగా చూశాను. ముగింపు అద్భుతమని అందరూ అన్నారు. నాకు మాత్రం పక్కింటివారి పెళ్ళి వీడియో చూసినట్టు అనిపించింది.

పాతసీడీలు

మంజీర గారి మాటలో నిజముంది. అయినా లోపాలన్నీ ఒక జాతివి కావని గుర్తుచేయాలనిపించి రాస్తున్నాను. నా దగ్గర మూడు రకాల ఉదాహరణలు ఉన్నాయి.

1994లో సూపర్ నింటెండోలో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 6’లో, దెబ్బ తప్పించుకునే శక్తి అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె అసలు పనిచేయదు! దాని బదులు మంత్రాన్ని తప్పించుకునే అంకే రెంటికీ వాడుకలోకి వస్తుంది. ఆటగాళ్ళు కవచాలు కొంటూ, ఆ అంకె పెంచుకుంటూ, హాయిగా ఆడుకున్నారు. ప్రపంచం సగంలోనే నాశనమై, చెల్లాచెదురైన స్నేహితులను మళ్ళీ వెతుక్కునే ఆ కథలో మునిగినవారికి ఈ లెక్క తప్పు కనబడనే లేదు. ఇది కథ దారికి అడ్డురాని లోపం.

రెండోది ‘జెనోగియర్స్’, 1998. రెండో డిస్కుకు వచ్చేసరికి సమయం, వనరులు చాలక, ఆడించవలసిన ఘట్టాలను పాత్రల చేత కుర్చీలో కూర్చోబెట్టి చెప్పించారు. దీన్ని బగ్ అనలేము, కట్టడం ఆగిపోయిన ఇల్లు అనాలి. కొందరికి ఆ కుర్చీ కథనమే వింత అందంగా తోచింది. నాకు తోచలేదు.

మూడోది నాకు మరీ ఇష్టమైనది, ‘స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2’. 2004 క్రిస్మస్ అమ్మకాలకు అందించాలన్న తొందరలో దాన్ని నిర్మించిన ఒబ్సిడియన్ వారు చివరి భాగాన్ని కత్తిరించవలసి వచ్చింది. క్రేయా వంటి గురువు పాత్ర ఆటల్లో అరుదు. మీరు బిచ్చగాడికి డబ్బిచ్చినా తప్పు పడుతుంది, ఇవ్వకపోయినా తప్పు పడుతుంది, రెండు సార్లూ ఆలోచింపజేస్తుంది. అంతటి పాత్ర చుట్టూ అల్లిన కథ ముగింపులో దారాలు తెగి వేలాడుతుంటాయి. తొలగించిన సంభాషణల్లో చాలా భాగం ఆట ఫైళ్ళలోనే మిగిలి ఉండటంతో అభిమానులు వాటిని తవ్వి తీసి, అతికి, ఏళ్ళ తరబడి శ్రమించి ఒక పునరుద్ధరణ మాడ్ (ఆటకు బయటివారు చేర్చే మార్పు) తయారుచేశారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిన చోటి నుంచి ఎర్రన పూరించి, తన పేరు చాటుకోకుండా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చినట్టు, వీరూ మూలకర్తల గొంతుకు లోబడే పనిచేశారు. ఎర్రనతో పోల్చడం కొంచెం ఎక్కువే అయింది, ఒప్పుకుంటాను.

ఈ ఆటకే 2022లో మరో ముచ్చట జరిగింది. నింటెండో స్విచ్‌కు తెచ్చిన ప్రతిలో, ఓండరాన్ గ్రహం మీద ఒకచోట ఆట క్రాష్ అయ్యేది, అక్కడి నుంచి కథ ముందుకు సాగదు. అంటే, విడుదలైన రూపంలో ఆటను పూర్తి చేయడమే సాధ్యం కాదని ఆ ప్రతిని తెచ్చిన ఆస్పిర్ సంస్థ స్వయంగా ఒప్పుకోవలసి వచ్చింది. పునరుద్ధరించిన భాగాలు ఇస్తామన్న మాటను కూడా 2023లో వెనక్కి తీసుకుంది. అప్పటికే పద్దెనిమిదేళ్ళ నాటి కథ అది. ఎంత బాగుంటే మాత్రం, ఓండరాన్ దగ్గర ఆగిపోయినవాడికి ఏం ఉపయోగం?

గోదారిగట్టు

పెద్దలందరూ ప్యాచ్ వస్తుంది, మాడ్ వేసుకోండి అంటున్నారు. నేను ఉండే ఊరికి ఈ మధ్య దాకా ఫైబర్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు రెండు జీబీలు. ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’ 2018 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు కన్సోళ్ళకు విడుదలరోజు ప్యాచే ఇరవై జీబీలు దాటింది. ఇంట్లో మరెవరూ ఫోన్ ముట్టకుండా ఉంటే, నాకు పది రోజుల పైమాటే. నగరంలో ఉన్నవారికి ‘సర్దుకుంటుందిలే’ అనిపించే లోపం, మాబోటివారికి ఆటే లేకపోవడంతో సమానం.

ఆ ఆటలో మరో చిక్కు కూడా ఉండేది. 1403 నాటి బొహీమియా, కమ్మరి కొడుకు హెన్రీ, కత్తి పట్టడం కూడా రాని కథానాయకుడు. ఇదంతా నాకు ఎంతో నచ్చింది. కానీ ఇష్టం వచ్చినప్పుడు సేవ్ చేసుకోనివ్వరు, ‘సేవియర్ ష్నాప్స్’ అనే మద్యం సీసా ఖర్చుపెట్టాలి, లేదా నిద్రపోవాలి. తప్పుకు ఫలితం అనుభవించాలన్నది రచయితల ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అయితే ఆట తనంతట తాను క్రాష్ అయినప్పుడు కూడా ఆ ఫలితం నేనే అనుభవించాలి కదా? నిలకడైన ఆటలో గొప్పగా ఉండే నియమం, నిలకడలేని ఆటలో శిక్షగా మారుతుంది. తర్వాత వారు సేవ్ చేసి బయటకు వెళ్ళే సదుపాయం కల్పించారు. బగ్‌వేటగాడు గారు చెప్పిన ‘రెండు పళ్ళాలు కావు’ అన్న మాట నాకు ఇక్కడ బాగా అర్థమైంది.

పద్యప్రియుడు

గోదారిగట్టు గారి కష్టం విన్నాక, నా ‘గీత గీయను’ అన్న మాటను సవరించుకుంటున్నాను. మా నాటకానికి టికెట్టు ఉండేది కాదు. కిరీటం పడినా నవ్వుకున్నది అందుకే కాబోలు.

మంజీర

ఆ మాట మీరే అన్నందుకు సంతోషం. ధర మాట వచ్చింది కనుక ‘సైబర్‌పంక్ 2077’ గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2020 డిసెంబరు 10న విడుదలైంది, పాత ప్లేస్టేషన్ 4 మీద నత్తనడక నడిచి, మాటిమాటికీ క్రాష్ అయింది. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి దాన్ని తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తానంది. 2021 జూన్‌లో గాని మళ్ళీ అమ్మకానికి పెట్టలేదు. 2023 సెప్టెంబరులో 2.0 ప్యాచ్, ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు కథాభాగం వచ్చాక, అదే ఆటను జనం నెత్తిన పెట్టుకున్నారు. మధ్యలో మూలకథ ఏమైనా మారిందా? అందులోని వీ, జాకీ అనే పాత్రల స్నేహం మొదటి రోజునా అదే, మూడేళ్ళ తర్వాతా అదే. మారింది ముఖ్యంగా సాంకేతికత, ఆడే తీరు. కథే అన్నింటినీ మోస్తుందన్న వాదనకు ఇంతకంటే ఎదురు సాక్ష్యం నాకు దొరకలేదు.

బగ్‌వేటగాడు

మంచి ఉదాహరణ. అయితే దాన్ని రెండో వైపు నుంచి కూడా చదవవచ్చు. కథ లేకపోతే ఆ మూడేళ్ళు ఎవరు వేచి ఉండేవారు? 2017 నాటి ‘మాస్ ఎఫెక్ట్: ఆండ్రొమెడా’ను చూడండి. ముఖాల కదలికలను జనం ఎగతాళి చేశారు, ఏప్రిల్ నెల ప్యాచ్‌లోనే కొన్నింటిని సరిచేశారు కూడా. పోరాటం ఆ వరుస ఆటలన్నింటిలోకీ చురుకైనదని నా అభిప్రాయం. అయినా దాన్ని తలచుకుని బాధపడేవారు తక్కువ, ఎందుకంటే ఆ పాత్రలు ఎవరినీ వెంటాడలేదు. లోపాన్ని సరిచేయవచ్చు, లేని ప్రాణాన్ని ప్యాచ్‌తో పోయలేము. ఈ మాట అంటూనే, వేచి ఉండే భారం కొన్నవాడి మీద పెట్టడం అన్యాయమని కూడా అంటాను.

మేము లోపాలను వాటి తీవ్రత, అవి ఎంత తరచుగా వస్తాయన్న లెక్క ప్రకారం వరుసలో పెడతాము. కథ దృష్ట్యా ఘోరమైనా వందలో ఒకరికే ఎదురయ్యే లోపం ఆ వరుసలో కిందికి జారుతుంది, విడుదల తేదీ దగ్గరపడితే వాయిదా పడుతుంది. పరీక్షకులు చూడలేదని మీరు తిట్టుకునే లోపాల్లో చాలావాటిని మేము చూశాము, రాశాము, మూడుసార్లు గుర్తు కూడా చేశాము. పైన ఉన్నవారి లెక్కలు వేరు. ‘న్యూ వేగస్’ సమీక్షల సగటు మెటాక్రిటిక్ సైటులో 85కు చేరితే ఆటను నిర్మించిన ఒబ్సిడియన్‌కు బోనస్ అని ఒప్పందం ఉండేదనీ, ఆట 84 దగ్గర ఆగిందనీ ఆ సంస్థ రచయిత క్రిస్ ఆవెలోన్ 2012లో బహిరంగంగానే చెప్పారు. ఆ ఒక్క అంకె పోవడంలో డాక్టర్ గారి తలకు ఎంత వాటా ఉందో ఎవరూ తేల్చలేరు. పద్దెనిమిది నెలల్లో కట్టిన ఆట అది.

నాకు గౌరవం కలిగేది తమ తాహతు ఎరిగిన రచయితల మీద. 2019లో వచ్చిన ‘డిస్కో ఎలిజియం’లో ప్రత్యేకంగా పోరాట వ్యవస్థే లేదు. ఒక పట్టణంలో ఒక పేట, ఒక శవం, మతి పోయిన ఒక పోలీసు, అతని తలలో వాదులాడుకునే గొంతులు. పది లక్షల మాటల రచన పెట్టి, యంత్రం మీద మాత్రం మోయగలిగినంత బరువే పెట్టారు. అందులోనూ బగ్‌లు లేకపోలేదు, కానీ కూలడానికి అక్కడ పెద్ద మేడ లేదు.

పాతసీడీలు

ఆ లెక్కన ‘బ్లడ్‌లైన్స్’ తప్పు తాహతు మరిచిపోవడమే. తయారు కాని ఇంజన్ మీద ఇల్లు కట్టారు. అయినా ఆ తెగింపు లేకపోతే ఆ హోటల్ ఉండేది కాదేమో. నేను ఈ రెండు ఆలోచనల మధ్య ఇరవై ఏళ్ళుగా ఊగుతూనే ఉన్నాను.

చీకటిదీపం

అందరికీ కృతజ్ఞతలు. మంజీర గారి మాట నన్ను ఎక్కువగా తాకింది. నేను ఆడిన ఆటకూ, విడుదలైన ఆటకూ తేడా ఉందని తెలిసి కూడా, చెప్పేటప్పుడు రెంటినీ కలిపేస్తున్నాను. ఇకపై ఏ ఆట గురించి రాసినా, ఏ ప్యాచ్‌తో, ఏ యంత్రం మీద, ఏ ఏడాదిలో ఆడానో మొదటి వాక్యంలోనే రాస్తాను.

తమ్ముడికి చివరకు ‘బ్లడ్‌లైన్స్’ పేరే చెప్పాను, మూడు షరతులతో. అనధికారిక ప్యాచ్ వేశాకనే మొదలుపెట్టాలి. మొదటిసారి మాల్కేవియన్ వద్దు, ఎందుకంటే మామూలు మాటలు ఎలా ఉంటాయో తెలియకపోతే ఉన్మాదపు మాటల్లోని చమత్కారం తెలియదు. మాటకారితనంతో పాటు ఏదో ఒక ఆయుధం మీద కూడా పాయింట్లు పెట్టుకోవాలి. వేర్వేరు పేర్లతో అరడజను సేవ్‌లు ఉంచుకోమని కూడా చెప్పాను, అది నాలుగో షరతు కాబోలు.

నిన్న రాత్రి పన్నెండున్నరకు ఫోన్ చేశాడు. ఓషన్ హౌస్ హోటల్లో ఉన్నాడట. “అక్కా, ఇక్కడ ఎవరూ లేరు, కానీ కుండీ దానంతట అది ఎగిరొచ్చి నాకు తగిలింది, దీపాలు పగులుతున్నాయి. ఇది బగ్గేనా? సేవ్ వెనక్కి వేసుకోనా?” అని అడిగాడు.

బగ్ కాదని, ముందుకు వెళ్ళమని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, గదిలో లైటు వేసుకుని వస్తానని ఫోన్ పెట్టేశాడు.